అధ్యక్షుడి చెవిలో మాట

పరాయి దేశంలో మనవాళ్ళుండే పేట లిటిల్ ఇండియాలో ఆదివారం వాన పడుతోంది. ప్రైవేట్ డిటెక్టివ్ కాత్యాయని ఆఫీసులో అనిల్‌కుమార్ కుర్చీ అంచున కూర్చున్నాడు. పెద్ద శరీరం, ఒళ్ళో బ్యాగు.

"తిరుమలని బల్ల మీదికి విసిరింది నేనే మేడమ్. బల్ల విరగలేదు, వాడి నడుం విరిగింది. కావాలనే చేశానంటున్నారు."

అనిల్, తిరుమల ఒకే కుస్తీ బృందంలో స్నేహితులు. గెలుపోటములు ముందే కథగా అల్లుకుని, తెలుగువాళ్ళ కోసం తెలుగులోనే ఆడతారు. తిరుమల పెద్ద స్టార్. జపాన్ కుస్తీ కంపెనీలో చేరబోతున్నాడు. వెళ్ళేవాడు ఓడి వెళ్ళాలన్నది ఆ ఆటలో మర్యాద. అందుకే చివరి ఆటలో 'అధ్యక్షుడు' అతన్ని బృందం నుంచి గెంటేసినట్టు కథ అల్లారు. ఆ వేషం జనార్దనరావుది.

"రింగు పక్కన గుడ్డ కప్పిన బల్లలు రెండుంటాయి. ఒకటే తేలిగ్గా విరిగేలా ముందుగా కోసిపెట్టింది. అధ్యక్షుడు ఏది చూపిస్తే దానిమీదికి విసరాలి," అన్నాడు అనిల్.

సహాయకురాలు ఉజ్వల ఫోన్‌లో వీడియో పెట్టింది. తెరమీద జనార్దనరావు చెవి తడుముకుని, చెయ్యి చాపాడు.

"ఎడమ తట్టు బల్ల మీదికి ఎత్తెయ్. వీడు ఇక్కణ్ణుంచి నడిచి పోకూడదు."

కాత్యాయని ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ విన్నది.

సాయంత్రం ముగ్గురూ కుస్తీ ఆడే హాలుకి వెళ్ళారు. బృందం యజమాని విశ్వేశ్వరరావు, జనార్దనరావు ఖాళీ రింగు దగ్గర ఎదురుచూస్తున్నారు.

"నాకేం తెల్వదు మేడమ్," అన్నాడు జనార్దనరావు. "ఈ సారు మైకుల చెప్పేది నా చెవిల మిషన్ల ఇనబడ్తది, గదే నేను చెప్పిన. వేషం విలన్‌ది గదా, ఇప్పుడు నా దిక్కు అందరూ గట్లనే చూస్తున్నరు."

"అబద్ధం," అన్నాడు విశ్వేశ్వరరావు. "ఆ పొద్దు మిషను పనిచేయలా. నేను వాకిలి తట్టు నిలబడి ఉంటి. కోసిన బల్ల కుడి పక్క పెట్టినానని ఈయప్పకు ముందే చెప్పింటి. ఈయప్పకూ తిరుమలకూ పడదు."

కాత్యాయని ఆ మిషన్‌ను జనార్దనరావు చెవికి పెట్టించింది. ఉజ్వల మైకు తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది.

"వాన తగ్గిందా అని అడుగుతున్నది," అన్నాడు జనార్దనరావు.

"ఆ రోజు నుంచి దీన్నెవరూ బాగుచేయలేదు, అనిల్‌ని అడిగాను. అంటే ఇది చెడిపోనేలేదు," అన్నది కాత్యాయని విశ్వేశ్వరరావుతో. "ఇంకొకటి. 'వైపు' అనడానికి జనార్దనరావు గారు 'దిక్కు' అంటారు. 'తట్టు' అనేది మీరు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చింది మీ మాట. చెవిలో విన్నది విన్నట్టు పలికారు. వేషానికే అధికారం, మాట మీది. కోసిన బల్ల కుడివైపు ఉందని తెలిసీ ఎడమవైపు చూపించమన్నారు."

విశ్వేశ్వరరావు రింగు తాడు పట్టుకుని ఖాళీ కుర్చీల వైపు చూశాడు.

"వాడు పోతే ఈ హాలుకు ఎవరొస్తారు? కొన్నాళ్ళు మంచం పడితే జపానోళ్ళు వేరేవాణ్ణి చూసుకుంటారనుకొంటి. నడుము విరుగుతాదనుకోలేదు."

ఉజ్వల పోలీసులకు ఫోన్ చేసింది.

"నీ తప్పు లేదని తేలింది అనిల్," అన్నది కాత్యాయని.

అతను తల ఊపాడు గాని మొహం తేటపడలేదు. "ఎత్తేటప్పుడు వాడు నా చెవిలో 'భయం లేదురా, వెయ్యి' అన్నాడు మేడమ్," అని బ్యాగు భుజాన వేసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు.