దేవ్యా కీర్తనలు

"పెట్టె ఎవరు తెరిచిన్రు?"

ప్రేమ్‌సింగ్ అరుపుకు వంటింట్లో భార్య సుమన చేతిలోని గరిటె జారి కింద పడింది. మంచం కింద ఉండాల్సిన రేకుపెట్టె నట్టింట్లో నోరు తెరుచుకుని ఉంది. అందులో తాత దేవ్యా కోటు ఉంది, కళ్లద్దాలు ఉన్నాయి. నోటుబుక్కు మాత్రం లేదు.

అప్పటికే ఆదివారం ఉదయం ఎనిమిది దాటింది. పదిన్నరకు ఆరాధన. ఆరాధన మధ్యలో పాస్టరయ్య నోటుబుక్కును సంఘానికంతా చూపించి, హనుమకొండ నుంచి వచ్చే ప్రింటింగ్ ప్రెస్సాయన చేతిలో పెట్టాలి. అరవై ఏళ్ల కిందట తండాలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న దేవ్యా పాటలవి. తమ లంబాడీ భాష గోర్ బోలీలో నలభై రెండు. వాటిని తెలుగు అక్షరాల్లో తన చేత్తో రాసుకుని, ఏడేళ్ల కిందట ఆయన కన్నుమూశాడు. ఇప్పుడు పుస్తకం వస్తోంది, 'దేవ్యా కీర్తనలు' అనే పేరుతో. మానుకోట చర్చి గేటుకు ఫ్లెక్సీ కూడా కట్టారు.

ప్రేమ్‌సింగ్ చెల్లెలి వైపు తిరిగాడు. సోని నిన్న సాయంత్రమే భూపాలపల్లి దగ్గరి అత్తగారి తండా నుంచి వచ్చింది. భర్తకు చెల్పూరు కరెంటు ప్లాంటులో పని.

"నీ బ్యాగు తియ్యి."

"ఏంది భియా, నన్ను దొంగనంటున్నవా?"

"క్రిస్‌మస్‌కు అడగలే? 'దాదా బుక్కు నాకియ్యి, నా పిల్లలకు పాటలు నేర్పుకుంట' అని నువ్వే అడగలే?"

"అడిగిన. ఇయ్యనన్నవు. ఊకున్న."

అతను వినలేదు. బ్యాగు గుంజుకుని బోర్లించాడు. రెండు చీరలు, పిల్లకు కొన్న గాజులు, బైబిలు నేల మీద పడ్డాయి. సుమన పరుగున వచ్చి గాజులు ఏరింది.

"నీకేమన్న తలకాయ ఉన్నదా? ఆడబిడ్డ బ్యాగు గిట్ల కుమ్మరిస్తరా? సంఘపెద్దవట! ఆ చీర మడతపెట్టు ముందుగాల."

"నువ్వు జర ఊకో. ఇంకో కాపీ లేదు, మూడు పేజీల ఫోటోలే ఉన్నయి." ప్రేమ్‌సింగ్ చెల్లెలి ముఖంలోకి వేలు చూపించాడు. "పదిన్నర లోపల బుక్కు తెచ్చినవా, సరే. లేకుంటే మైకుల నీ పేరు చెప్త. ఇగ ఈ గడప తొక్కకు."

అమ్మానాన్నలు పోయాక సోనికి పుట్టిల్లంటే ఈ గడప ఒక్కటే. గడప పోతే ఆదివారాలు పోతాయి. చిన్నప్పుడు తండా నుంచి చర్చికి నడిచిన నాలుగు కిలోమీటర్లూ పోతాయి. తలకు కారేటట్టు నూనె, చేతిలో చెప్పులు, ముందు దాదా, ఆయన వెనక తానూ అన్నా, అందరికన్నా వెనక నాయనమ్మ, దాదీ రుక్కి. చర్చిలో దాదా కంజిర వాయిస్తూ పాడుతుంటే మొగవాళ్ల వరుసలన్నీ ఊగేవి. దాదీ ఆడవాళ్ల చాపల్లో చివరి చాప మీద తల దించుకుని కూర్చునేది.

"ఆ ఫోటోలు చూపియ్యి," అంది సోని. "అందుల ఏమున్నదో నేను గూడ చూస్త."

అతను ఫోను విసిరినట్టే ఇచ్చాడు. సోని మొదటి పాట పైకి చదివింది. నీ గుమ్మానికి ఆకలితో వచ్చాను ప్రభువా, అని దానర్థం. 'మ ఆయీ' దగ్గర ఆమె గొంతు ఆగింది.

మళ్లీ చదివింది. మ ఆయీ.

"భియా, ఇది చూసినవా? 'ఆయీ' అని ఉన్నది."

"అయితే?"

"దాదా మొగాయన. 'మ ఆయో' అనాలె. 'ఆయీ' అంటే వచ్చింది ఆడిది అన్నట్టు."

ప్రేమ్‌సింగ్ నుదురు ముడిచాడు. బడి వయసు నుంచి టౌన్ హాస్టల్లో తెలుగుతోనే పెరిగినవాడు. తెలుగులో మొగోడైనా ఆడదైనా 'నేనొచ్చిన' అనే అంటారు. అతని చెవికి ఎన్నడూ తగలని తేడా అది. సోని మాత్రం అత్తగారి తండాలో పొద్దున లేస్తే గోర్ బోలీనే మాట్లాడుతుంది.

"అక్షరం తప్పు పడ్డది. దాదా ఎంత చదివిండని?"

"ఒక్క పాటల అయితే తప్పు. మూడిట్ల గిట్లనే ఉన్నది. 'మ రోయీ', 'మ బేఠీ'. ఏడ్చింది ఆడిదే, కూర్చున్నది ఆడిదే."

అప్పుడు తట్టింది ఆమెకు. శనివారం సాయంత్రాలు ఇసురురాయి ముందు జొన్నలు పోస్తూ దాదీ ఇవే పాటలు కూనిరాగం తీసేది. దాదా పాటలు నేర్చుకుంటోందని సోని అనుకునేది చిన్నప్పుడు. దాదీ సాధన చేయడం లేదు. పాటలు కడుతోంది.

సోని వాకిట్లోకి చూసింది. రుక్కి అప్పటికే తెల్లచీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో బిగించి పెట్టుకుంది. మనవరాలి కళ్లు తన మీద ఉన్నాయని తెలిసి ముఖం పక్కకు తిప్పుకుంది.

ఎవరు తీశారో సోనికి అర్థమైంది. ఒక్క మాటతో తాను బయటపడొచ్చు. ఆ మాట ఎనభై దాటిన ముసలిదాన్ని అదే చర్చిలో దొంగను చేస్తుంది.

"ఏమైంది? చెప్తవా, చెప్పవా?" అన్నాడు ప్రేమ్‌సింగ్.

"నాకు తెల్వదు," అంది సోని.

చర్చి కిక్కిరిసింది. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. విశ్వాసులు లేచి తమ అనుభవాలు చెప్పే సాక్ష్యాల సమయం వచ్చేసరికి ప్రెస్సాయన ముందు బెంచీలో గడియారం చూసుకుంటున్నాడు. సుమన పక్కనే కూర్చుని సోని చేయి గట్టిగా పట్టుకుంది. "నేనున్న గదా," అని గొణిగింది. ప్రేమ్‌సింగ్ మైకు అందుకున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుంది.

"మా దాదా నోటుబుక్కు పోయింది. తీసిందెవరో నాకు ఎరుకే. మా ఇంటి మనిషే. పేరు..."

"సాక్ష్యమున్నది."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. చివరి చాప మీది నుంచి రుక్కి లేచి నిలబడింది. కొంగు కింది నుంచి నోటుబుక్కు తీసింది. ఇన్నేళ్లలో ఆమె ఈ గదిలో నోరు తెరవడం ఎవరూ చూడలేదు.

"బుక్కు తీసింది నేను. నా మనవరాలు సోని కాదు. మీ గేటు కాడి పటం మీద పేరు చదివిపిచ్చుకున్న. గుండె ఆగలే. అచ్చయితే ఇగ ఎవ్వడు మార్చలేడు. ఈ పాటలు నేను ఇసురురాయి కాడ కట్టినయి. నాకు రాసుడు రాదు. నేను చెప్పితే ఆయన రాసిండు. రాసి తనవే అన్నడు."

ప్రెస్సాయన గడియారం మీది నుంచి చేయి తీశాడు.

"అడిగినప్పుడల్లా 'వచ్చే ఆదివారం చెప్త, రుక్కీ' అనేటోడు. పోయేదాకా వచ్చే ఆదివారమే అన్నడు. మంచోడే. నన్ను ఒక్క దెబ్బ కొట్టలే. నా పాటను ఊరూరు మోసుకపోయిండు. నా పేరే యాడనో జారవిడిచిండు."

ప్రేమ్‌సింగ్ వేదిక దిగాడు. చాపల మధ్య నుంచి నడుచుకుంటూ ముందు సోని దగ్గర ఆగాడు. చెల్లెలి తల మీద చేయి వేశాడు. సోని లేచి దాదీ భుజం పట్టుకుంది. అతను మైకు తెచ్చి దాదీ నోటి ముందు పెట్టాడు.

"అందరు వినాలె దాదీ. నీ పాటలు ఎవరు తీసుకున్నరు? పేరు చెప్పు. కొత్త అట్ట మీద నీ పేరే ఏపిస్త."

పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని తల్లి నేర్పిన నాటి నుంచి రుక్కి నోట ఆ పేరు రాలేదు. ఎవరైనా అడిగితే పక్కవాళ్లను చెప్పమనేది. ఆయన పోయాక కూడా పలకలేదు.

రుక్కి మైకును రెండు చేతులా పట్టుకుంది. కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

"దేవ్యా," అంది.