పోటీ లేని గెలుపు

పొద్దున్నే మదనపల్లెలోని ఆ ఇంటి ముందు ఎక్కడ చూసినా చెప్పులే. పోటీకి నిలబడ్డ ఒకే ఒక్క మనిషి తహసీన్ నామినేషన్ వెనక్కి తీసుకోవడంతో హరినాథ్ మళ్ళీ కౌన్సిలర్ అయ్యాడు, ఈసారి ఏకగ్రీవంగా. వచ్చినవాళ్ళందరికీ భార్య మునీశ్వరి కేసరి పెడుతోంది కానీ ఆమె మనసంతా తహసీన్ మీదే ఉంది. పుంగనూరులో పక్కపక్క ఇళ్ళలో పెరిగిన స్నేహితురాలు. ఓడినా సరే నిలబడతానన్న మనిషి ఎందుకు తప్పుకున్నట్టు? వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"యాడుండావే? ఇంటికి తాళమేసుండాది."

"కుప్పంలో, అక్కోళ్ళింట్లో."

"యాల తప్పుకున్నావు?"

"మీ మనుషులొచ్చినారు మునీ. 'నీ కూతురు ఏ దోవన కాలేజీకి పోతాదో మాకు తెలుసు' అని నన్ను బెదిరించినారు. మీ ఆయన బయట కార్లోనే ఉండాడు. అన్నా అని పిలిస్తే అద్దం ఎత్తేసినాడు."

మునీశ్వరికి ఆ తర్వాతి మాటలేవీ వినబడలేదు. హాల్లో ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. ఆ నవ్వు తన భర్తదేనని పోల్చుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

నేరుగా హాల్లోకి వచ్చింది. "తహసీన్ పాప కాలేజీకి పొయ్యే దోవ తెలుసని మనోళ్ళు బెదిరిస్తా ఉంటే, ఆ ఇంటికాడ కార్లో కూసోనుండింది నువ్వేనా?"

పెళ్ళయ్యాక భర్తను ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. నవ్వులు ఆగిపోయాయి.

"లోపలికి పో. ఎవురినీ కొట్టలేదు గదా? ఊరికే భయపెట్టినారంతే," అన్నాడు హరినాథ్.

కాలేజీకి బయలుదేరిన కూతురు కీర్తి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఆ పాప నాతోపాటే పోతాది నాయనా," అంది మెల్లగా. "ఆ దోవనే నేనూ పోతాండాను."

హరినాథ్ మెడలోని దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. కూతురి ముఖం చూడలేక, "అందరూ పోండప్పా," అన్నాడు.

మధ్యాహ్నానికి భార్యాభర్తలు కుప్పం చేరారు. తహసీన్ మునీశ్వరిని చేయి పట్టుకుని గడప లోపలికి తీసుకుపోయింది. అతన్ని మాత్రం రమ్మనలేదు.

అతను వాకిట్లోనే చేతులు జోడించాడు. "తప్పు చేసినానమ్మా. రాజీనామా ఇస్తాను. మళ్ళా ఎలక్షనొస్తే నువ్వు నిలబడు. నేను పోటీకి రాను."

"యాల రావు?" అంది తహసీన్. "వచ్చి తీరాల. నేను గెలిస్తే ఓట్లతో గెలవాల, నీ జాలితో కాదు."

హరినాథ్ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. మునీశ్వరి ఓదార్చలేదు. తహసీన్ చేయి వదలకుండానే అంది:

"నా ఓటు దీనికే. ముందే చెప్తాండా."

ఆ ఏడుపులోనే హరినాథ్ సరేనన్నట్టు తలూపాడు.