సొరుగులో సూదిమందు

గోడ గడియారం పది కొట్టేసరికి ఆంకె ముగ్గురికీ కాఫీ పోసింది. ఫ్రిస్‌లాండ్‌లో పాడి ఉన్న ఇంట్లో, ఆవు ఈనుతున్నా సరే, పదింటి కాఫీకి అందరూ వచ్చి కూర్చోవాల్సిందే. ఆంకె తల్లి హిస్కె రేకు డబ్బా తెరిచి తలా ఒక బిస్కెట్ ఇచ్చి, టక్కున మూత పెట్టేసింది. రెండోది ఇచ్చే అలవాటు ఆవిడ పుట్టింట్లోనూ లేదు, మెట్టినింట్లోనూ లేదు.

అల్లుడు డౌవ కప్పు ఎత్తి, తాగకుండానే దించేశాడు. అతని కుడి కన్ను ఎర్రబడింది. లేచి, పశువుల కొట్టంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"చూశావుటే? ఇవాళ కూడా! నేను కూర్చుంటే చాలు, ఆయనగారి కుర్చీలో ముళ్ళు మొలుస్తాయి," అంది హిస్కె.

"తలనొప్పని చెప్పాడుగా అమ్మా."

"నాకు మాత్రం రాదా? గుడ్డ కట్టుకుని గిన్నెలు తోముకుంటాను. రోజూ ఠంచనుగా కాఫీ వేళకే, నా మొహం చూడగానే వచ్చే తలనొప్పి ఎక్కడైనా ఉందా?"

ఆవిడ అనుమానంలోనూ తప్పు లేదు. మోకాళ్ళ నొప్పులతో ఈ వసంతంలోనే కూతురి దగ్గరికి వచ్చింది. ఆ వారమే డౌవకి పాత జబ్బు తిరగబెట్టింది. ట్యూలిప్‌లు పూసే రోజుల్లో వచ్చి, కొన్ని వారాలు రోజూ అదే వేళకి ఒక పక్క కంటిని పొడిచి పీడించి, వచ్చినట్టే పోయే నొప్పి అది. ఆ ముక్క విడమరిచి చెబితే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. కానీ నొప్పని చెప్పుకోవడం ఆ ఊరి మగాళ్ళకి నామర్దా. కట్టుకున్న పెళ్ళాంతో కూడా "కాస్త తలనొప్పి" అని ఊరుకునేవాడు.

"వృద్ధాశ్రమంలో గది ఖాళీ ఉందట. సోమవారం వెళ్ళిపోతున్నాను," అంది హిస్కె.

ఆంకె తన కప్పు పక్కకి నెట్టేసింది. "వద్దమ్మా. ఈ ఇంట్లో నీకేం తక్కువైంది?"

"ఆ మాట మీ ఆయన్ని అననీ. పద, మొహమ్మీదే అడుగుతాను."

చేతికర్ర తాటిస్తూ వెళ్ళి కొట్టం తలుపు తోసింది. ఆవులన్నీ మేతకి పోయాయి. ఆరడుగుల డౌవ ఒక్కడే అటూ ఇటూ తిరుగుతూ, నుదురు ఇనుప కమ్మీకేసి కొట్టుకుంటున్నాడు. ఒక కంట నీరు ధారగా కారుతోంది. గొంతులోంచి వస్తున్న మూలుగు మనిషిది కాదేమో అనిపించింది. ఆవిడ కూడగట్టుకుని తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయింది.

"డౌవా! ఏమిటి నాయనా ఇది?"

"వెళ్ళిపోండి అత్తయ్యా. మీరు చూడకూడదనే ఇక్కడికొస్తా."

"దీనికి డాక్టరు మందేమీ ఇవ్వలేదుటే ఆంకే?"

ఆంకె గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఇంత ఘోరమని తనకీ తెలియదు. "సూదిమందు ఇచ్చారమ్మా. వంటింటి సొరుగులో పడుంది. పొడుచుకోడు."

"ఆవులకి పొడిచేవాడివి, నీకు సూదంటే భయమా?" అంది హిస్కె అల్లుడితో.

"పొడిచేది ఆవులకి కదా," అన్నాడు పళ్ళ బిగువున. "నాకు నేను పొడుచుకోవాలంటే చెయ్యి రాదు."

హిస్కెకి చక్కెర జబ్బు. ఏళ్ళ తరబడి రోజూ తనకి తానే సూది వేసుకుంటోంది. "ప్యాంటు దించు. సిగ్గెందుకు, నలుగురు మగపిల్లల్ని పెంచినదాన్ని," అంది. ఆంకె పరుగున మందు తెచ్చి, దాంతో ఉన్న కాగితం చదివి వినిపించింది. పెన్నులాంటి ఆ గొట్టాన్ని హిస్కె అల్లుడి తొడకి ఆనించి నొక్కి పట్టుకుంది.

మళ్ళీ అదే నడక, అదే మూలుగు. తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూస్తున్నారు. కాసేపటికి అతని అడుగులు నెమ్మదించాయి. కమ్మీని నలిపేస్తున్న వేళ్ళు వదులయ్యాయి. గడ్డిమోపు మీద కూలబడి, నమ్మలేనట్టు కుడి కన్ను తడుముకున్నాడు.

"పోతోంది."

"నిజంగానా?"

"నిజంగానే అత్తయ్యా. పోతోంది... పోయింది." తలెత్తి పైకప్పు వైపు చూశాడు. "పిచ్చుకలు! ఈ వేళప్పుడు పిచ్చుకలు అరుస్తాయని నాకు తెలీదు."

హిస్కె చేతిలోని ఖాళీ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంతటి మనిషిని ఇనుప కమ్మీకేసి కొట్టిన నొప్పి, ఇందులోని చుక్క మందుకి లొంగిందా! "చర్చిలో ఎన్నో ప్రార్థనలు చేశాను. దేనికీ జవాబు ఇంత తొందరగా రాలేదు," అంది నెమ్మదిగా.

"నా మొహం గిట్టక లేచి వెళ్ళిపోతున్నావనుకున్నాను నాయనా," అంది అల్లుడితో.

"మీరొచ్చాకే ఇంట్లో సందడొచ్చింది. ఈ అవతారంలో మీకు కనబడలేక..."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!" అంటూ ఆవిడే ఏడ్చింది.

కాఫీ చల్లారిపోయింది. అయినా డౌవ అదే తాగి, తన బిస్కెట్ తిన్నాడు. "సోమవారం సంగతేంటమ్మా?" అని భయంభయంగా అడిగింది ఆంకె.

"సోమవారం పదింటికి మీ ఆయనకి సూది ఎవరు వేస్తారు? నువ్వా?"

హిస్కె డబ్బా మళ్ళీ తెరిచి అల్లుడి ముందుకు జరిపింది. అలవాటు కొద్దీ చెయ్యి మూత మీదికి పోయింది కానీ, వెనక్కి తీసేసుకుంది. డౌవ రెండో బిస్కెట్ తీసుకున్నాడు. ఆ మూత ఆ రోజంతా బల్ల మీదే పడి ఉంది.