పోచన్న టోపీ

“వాళ్ల జాతీయగీతానికి అందరూ లేచి నిలబడగానే చిప్ చేతులు మారుతుంది. ఆపాలి.”

బాస్ చెప్పింది అంతే. మన నౌకాదళం రాడార్ కోడ్ మొత్తం ఆ చిప్‌లోనే ఉంది. ఏజెంట్ ప్రమోద్‌కి చెప్పులో జీపీఎస్, గుండీలో కెమెరా, పంటిలో వైర్‌లెస్ బిగించి పంపారు. పాపం, వేడి టీ తాగితే పంట్లో స్టేషన్ మారిపోయేది.

జూలై పద్నాలుగు ఫ్రెంచివాళ్ల జాతీయ దినం. కరోనా సద్దుమణిగిన ఏడు, ఒక ఫ్రెంచి షావుకారు దాన్ని కరీబియన్ దీవిలో జరుపుకోవాలని ముచ్చటపడ్డాడు. అంత దూరం వెళ్లే ఓపిక లేక దుబాయ్ సముద్రంలోనే ఇసుక పోయించి, కొబ్బరిచెట్లు పాతించి, కరీబియన్ అని బోర్డు పెట్టించాడు. చెట్లు పాతింది అక్కడి సోనాపూర్ లేబర్ క్యాంపు కూలీలు. వాళ్లలో పోచన్న ఒకడు. అతని పక్క మంచం మీద, కూలీ వేషంలో, మన ప్రమోద్.

వచ్చిన రోజు నుంచీ తమ్మీ అని పిలిచి, తన గిన్నెలోంచి అన్నం పెట్టింది పోచన్నే. బదులుగా ప్రమోద్ ఏం చేశాడయ్యా అంటే, చిరిగిన టోపీ కుట్టిపెడతానని తీసుకుని అందులో మైకు కుట్టేశాడు. పార్టీలో పెద్దబల్ల దగ్గర కదలకుండా నిలబడే పని పోచన్నది మరి. టోపీ అందుకుని, “నా తోడబుట్టినోడు గూడ ఇట్ల చెయ్యలే తమ్మీ” అన్నాడు పోచన్న. ఆ పూట ప్రమోద్ తన వాటా అన్నం కూడా పోచన్న గిన్నెలోకే వంచాడు.

పార్టీ రోజు నీలం, తెలుపు, ఎరుపు తోరణాల కింద డోళ్లు మోగాయి. ఫ్రెంచివాళ్ల దేశానికి కోడిపుంజు గుర్తట. పెద్దబల్ల మీద పళ్లెంలో మంచుతో చెక్కిన కోడి నిలబడి చెమటలు కక్కుతోంది. ఎర్ర పట్టుగౌనులో మదాం సొలాంజ్ వచ్చింది. ఆ దీవిలో నిజంగా కరీబియన్‌లో పుట్టిన మనిషి ఆమె ఒక్కతే. మనకూ, శత్రుముఠాకూ ఒకేసారి పనిచేసే డబుల్ ఏజెంట్. చిప్ తన నెక్లెస్‌లో ఉందని మనవాళ్లకు చెప్పిందీ ఆమే.

జ్యూస్ ట్రేతో దగ్గరికి వెళ్లిన ప్రమోద్‌తో ఆమె నవ్వు చెదరకుండా చెప్పింది.

“టోపీ సంగతి ముఠాకి తెలిసిపోయింది. చిప్ అందగానే నీ స్నేహితుడు సముద్రంలోకి.”

వెళ్లి పోచన్నను అక్కణ్ణుంచి లాక్కెళ్తే అతను బతుకుతాడు, ముఠా జాగ్రత్తపడి మిషన్ పోతుంది. ప్రమోద్ నెక్లెస్ వైపు చూస్తూ నిలబడిపోయాడు. దాన్ని ట్రైనింగ్‌లో నిగ్రహం అంటారు. అతనికి మాత్రం వేరే పేరు తోచింది.

గీతం మొదలైంది. అందరూ లేచారు. ఎండకి కోడి మెడ వాలి, ఒళ్లంతా పళ్లెంలోకి కూలింది.

“తమ్మీ, కోడి ఖలాస్,” అన్నాడు పోచన్న నింపాదిగా.

దాడికి పెట్టుకున్న కోడ్ వర్డ్ అదే, ఖలాస్. దుబాయ్‌లో పని అయిపోయినా, అన్నం అయిపోయినా, ఓపిక అయిపోయినా నోట వచ్చేది ఆ మాటేనని పై ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. టోపీలో మైకు దాన్ని పట్టింది. బోట్లలో పొంచి వింటున్న మన దళం దూసుకొచ్చేసరికి ముఠా నాయకుడి వేళ్లు పళ్లెంలో, మంచునీళ్లలో తేలిన చిప్ మీద ఉన్నాయి. చిప్ ఉన్నది నెక్లెస్‌లో కాదు, కోడి కడుపులో. సొలాంజ్ ఎవరి పక్షమో తేలేలోపే మాయమైంది.

హడావుడిలో దళం పోచన్న చేతులు కూడా కట్టేసింది. ప్రమోద్ తానెవరో చెప్పుకుని విడిపించాడు. తర్వాత కూర్చోబెట్టి అంతా చెప్పాడు, సొలాంజ్ హెచ్చరించినా కదలకుండా ఉండిపోయిన సంగతితో సహా. పోచన్న టోపీ కుట్లు తడుముతూ విన్నాడు.

“అయితే నేను బెట్టిన బువ్వ దిన్నది నువ్వా, సర్కారా?”

ఏడు భాషల్లో అబద్ధమాడగల ఏజెంట్ పంపిన రిపోర్టులోకి ఆ ప్రశ్న రాలేదు. ప్రమోషన్ మాత్రం వచ్చింది.