బ్యాటరీ లేని పంపు

రండి, దగ్గరగా కూర్చోండి. వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకు జరగండమ్మా, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పైవాడి మీద భారం వేసి మొదలుపెడుతున్నాను.

ఒక పెద్దాసుపత్రి. నేలమాళిగలో మందుల స్టోరు. అది చూసుకునే ఆవిడ అందరికీ అక్కే. గుండెకు బలమిచ్చే ఇంజెక్షన్ ఒకటి నెలరోజులుగా ఎక్కడా దొరకడం లేదు. పై ఆఫీసు రేపంటుంది, ఎల్లుండంటుంది. కంప్యూటర్లో నిల్వ సున్నా. కానీ ఫ్రిజ్‌లో, ఖాళీ డబ్బాల వెనక, ఒక్క సీసా ఉంది. సోమవారం అక్క తమ్ముడికి గుండె ఆపరేషన్. తోడబుట్టినవాడు... మనమైతే ఏం చేసేవాళ్ళం, చెప్పండి?

పోయిన వారం తొమ్మిదో మంచం దర్జీ తాతకి అదే మందు కావాల్సొచ్చింది.

"లేదు తాతా" అంది అక్క, ఆయన మంచం దగ్గరికెళ్ళి.

"సరే తల్లీ. నీ కొలత నీకు తెలుసు" అన్నాడాయన. సాయంత్రానికి పోయాడు.

ఆయన నరంలోకి సెలైన్ బొట్టుబొట్టుగా ఎక్కించిన పంపు ఇప్పుడు స్టోరులోనే పడుంది. బయటివాళ్ళెవరైనా నెట్‌లోంచి దాంట్లోకి దూరి మోతాదు మార్చేయొచ్చట. అందుకని కంప్యూటర్ల బాబాయి వైర్లు పీకి, బ్యాటరీ తీసేశాడు.

మిట్టమధ్యాహ్నం. అందరూ భోజనాలకెళ్ళారు. స్పిరిటు వాసన. ఫ్రిజ్ హోరు. ఉన్నట్టుండి ఆ హోరు ఆగింది.

బీప్.

పంపు తెర వెలిగింది. దాని మీద ఒకే అంకె. 12.

అక్క ఫోన్ తీసింది. "బాబాయ్... పంపులోకి ఎవరో దూరారు."

"ఎలా దూరతారమ్మా? బ్యాటరీ నా సొరుగులో ఉంటే. ముందు అన్నం తిను, కళ్ళు తిరుగుతున్నాయి నీకు."

ఫోన్ పెట్టగానే అది మోగింది. వార్డు నుంచి పెద్ద నర్సు. "అక్కా, ఆపరేషనయిన చిన్నపాప గుండె ఆగిపోయేలా ఉంది. ఏ మూలనైనా ఒక్క సీసా..."

"లే..."

బీప్. బీప్.

మెడ చుట్టూ చల్లగా ఏదో తగిలింది. సన్నగా. దర్జీ టేపులా... నెమ్మదిగా బిగుస్తూ.

"ఉంది" అంది అక్క. "తెస్తున్నా."

పాప గట్టెక్కింది, దేవుడి దయ. అక్క కిందికొచ్చి చూస్తే తెర మీద 11.

అప్పుడర్థమైంది, అది దాచిన సీసాల లెక్కని. ప్రతి వార్డుకీ ఫోన్ చేసింది. "నేను దాచింది ఇచ్చేశాను. మీరూ తియ్యండి."

సొరుగుల్లోంచి, బ్యాగుల్లోంచి, ఐసు డబ్బాల్లోంచి సీసాలు దిగొచ్చాయి. ఎవరికివారు తమ రోగి కోసమే దాచారు, పాపం. ఒక్కోటీ వస్తుంటే ఒక్కో అంకె తగ్గింది. సాయంత్రానికి పది సీసాలు. తమ్ముడికీ ఒకటి అందింది.

తెర మీద 1.

ఆసుపత్రంతా గాలించారు. దొరకలేదు. పంపుని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం బీరువాలోంచి... బీప్.

నాయనలారా, ఒక్క పని గుర్తుంచుకోండి. ఉన్నదాన్ని ఉందనండి. ఇవాళ అనండి, రేపు మళ్ళీ అనండి. ఎందుకంటే ఆ చివరి సీసా ఆసుపత్రిలో లేదు. ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలియదు.