తాళమేసిన ఇంట్లో తిరిగే మీటరు

మట్టెవాడలో మోటారు నర్సింగం ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడిచేవారు కాదు. ఆయన భార్య సావిత్రి పురిట్లో పోయింది. చెడ్డ నక్షత్రం, ఆర్నెల్లు ఇల్లు పాడు పెట్టాలన్నాడు అయ్యవారు. తాళం వేశారు. నర్సింగం బిడ్డను తీసుకుని రఘునాథపల్లిలో అత్తగారింటికి పోయాడనుకున్నారంతా. అయినా రాత్రయితే ఆ ఇంట్లో పసిపిల్ల ఏడుస్తోందని వాడకట్టంతా ఒకటే గుసగుసలు.

ఇది కరెంటు కట్టయ్య నాకు చెప్పిన సంగతి. ఆయన ధైర్యమంతా మీసాల్లోనే ఉండేది. కథలు అల్లే తెలివి మాత్రం లేదు, అందుకే నమ్మాను.

యుద్ధం రోజులు. ఖాళీ ఇళ్ళకు కరెంటు తీసెయ్యమన్నారు పైవాళ్ళు. ఊరంతా తిరిగి, దీపాలు పెట్టే వేళకు అక్కడికి చేరాడు కట్టయ్య. మీటరు అరుగు మీద, కిటికీ పక్కనే. లాంతరు ఎత్తి చూశాడు.

చక్రం తిరుగుతోంది...

తలుపుకు తాళం. తాళం మీద సాలెగూడు. లోపల చిమ్మచీకటి. మరి ఈ కరెంటు ఎటు పోతున్నట్టు? అయినా ఫ్యూజు ఊడబీకాడు. చక్రం ఆగింది.

ఎక్కడో వెనక నుంచి — సన్నగా — ఏడుపు.

ఆ వెంటనే కిటికీ సందులోంచి, చెవి పక్కనే, ఆడగొంతు.

"అన్నా... జర పెట్టవా. బిడ్డకు సలి పెడ్తాంది."

ఫ్యూజు మళ్ళీ ఎలా పెట్టాడో ఆయనకే తెలియదు. పరుగెత్తబోయి, కంగారులో దొడ్డివైపు పడ్డాడు.

అక్కడ నర్సింగం బస్సు. పెట్రోలు దొరక్క ఏడాదిగా కదలనిది. ఇంటి వెనక కిటికీలోంచి ఒక వైరు దాంట్లోకి పోయింది. లోపల వెలుగు. సీటు మీద దూది పరిచిన చెక్కపెట్టె, దానిపైన వేలాడే బల్బు, కింద పిడికెడంత పిల్ల. పక్కన నర్సింగం.

కట్టయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

"నర్సింగన్నా! నువ్వు ఊరికి పోలేదా?"

"ఎనిమిదో నెలల పుట్టింది. బండిల పోతె బతకదన్నరు దవాఖానల. బల్బు కింద వెచ్చగ పెట్టుమన్నరు. ఇంట్ల ఉండరాదాయె..."

"తప్పయింది అన్నా. ఎరుకలేక ఫ్యూజు తీసిన. మీ అమ్మనో, చెల్లెనో... ఆమె చెప్పకపోతే అట్లనే పోదును."

"ఎవ్వలు?"

"ఇంట్ల ఉన్నామె. కిటికీల నుంచి చెప్పింది."

నర్సింగం తల ఎత్తలేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మనిషి, భయపడటానికి కూడా ఏమీ మిగల్లేదు. వేలితో దూది సర్దాడు.

"ఇంట్ల ఎవ్వలు లేరు తమ్మీ. మొన్న నాకు కన్నంటుకుంటే వైరు ఊడింది. గప్పుడు నన్ను గూడ గట్లనే లేపింది."

కట్టయ్య ఇంటి వైపు తిరిగి చూశాడు.

నర్సింగం బల్బు వంక చూస్తూ అడిగాడు.

"ఫ్యూజు గట్టిగ పెట్టినవా?"