బీరువా తలుపు మీద రక్తం

"రేపు మధ్యాహ్నం రెండింటికి పోలీసు పడవలొస్తాయి. అంతవరకూ ఎవరి ప్రాణం పోతున్నా నువ్వు నోరు విప్పడానికి వీల్లేదు." బ్యాంకాక్ ఆఫీసులో పైఅధికారి వీరా ఫోన్ పెట్టేశాడు.

వారం రోజులుగా ఏజెంట్ కంపొన్ ఐసు మోసే కూలీ వేషంలో క్లాంగ్‌తోయ్ రేవులోని ఓ చేపల గోదాములో తిరుగుతున్నాడు. వెనక గదిలో విదేశీ ముఠా ల్యాబ్ ఉంది. ఆరోగ్యవంతుల ఎముక మజ్జలో రక్తం పుట్టించే కణాలుంటాయి. వాటిలో ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో చెప్పే పటాన్ని ముఠా కాజేసింది. అందులో ఒక్క జన్యువును ఆపేస్తే చాలు, హత్య కాస్తా జబ్బులా కనిపిస్తుంది. అలా ఆపే మందు తయారై పెట్టెలోకి చేరింది. రేపు మూడింటికి ఓడ.

మర్నాడు ఒంటిగంటంపావుకు ముఠా నాయకుడు హాల్డెన్ అందరినీ పిలిచాడు. ఒక చేతిలో రిపోర్టు, రెండో చేతిలో పిస్తోలు.

"నిన్న నా బీరువా తెరిచినవాళ్లు చెయ్యి కోసుకున్నారు. తలుపు మీది రక్తం పరీక్షించాను. ఆడవాళ్ల కణాల్లోనే పనిచేసే జన్యువు అందులో పనిచేస్తోంది." పిస్తోలు ల్యాబ్ నడిపే డాక్టర్ దారిన్ వైపు తిరిగింది. "ఇక్కడున్న ఆడది నువ్వొక్కదానివే."

పట్టుబట్టల్లో మెరిసిపోయే దారిన్ ముఖం పాలిపోయింది. ఆమె ముఠాలో ఉంటూ రహస్యంగా కంపొన్ ఆఫీసుకే పనిచేస్తోంది. కానీ ఆ రక్తం ఆమెది కాదు.

నిన్న బీరువా తెరుస్తూ కోసుకున్న కంపొన్ వేలు గ్లోవ్ లోపల సలుపుతోంది. ఆరేళ్ల కిందట రక్త క్యాన్సర్‌తో పోవాల్సిన తనకు అక్క సుపాత్ర మజ్జ ఇచ్చింది. అప్పటినుంచి ఒంట్లో ఊరేదంతా ఆమె రక్తమే. నోరు మూసుకుంటే తాను క్షేమం. పైవాడి ఆజ్ఞా అదే. అలా ఆలోచించినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాస్, ఆ రక్తం నాది," అన్నాడు గ్లోవ్ లాగేస్తూ.

హాల్డెన్ నవ్వాడు. "నువ్వు ఆడదానివెప్పుడయ్యావురా?"

"మా అక్క మజ్జ నాకు ఎక్కించారు. నమ్మకపోతే ఇంకో చుక్క తీసి చూసుకోండి. తొందరపడి ఆవిణ్ణి చంపేస్తే మీ పటం చదివేదెవరు?"

ఆ మాట పనిచేసింది. కంపొన్‌ను కుర్చీకి కట్టేసి రక్తం మెషీన్‌లో పెట్టారు. పరీక్షకు నలభై నిమిషాలు పడుతుంది. గోడ గడియారం నత్తనడక నడిచింది.

రెండింటికి నిమిషం ఉందనగా మెషీన్ కీచుమంది. రెండు రక్తాలూ ఒకటే. హాల్డెన్ పిస్తోలు కంపొన్ కణతకు ఆనించాడు. కంపొన్ కళ్లు మూసుకున్నాడు.

తలుపు బద్దలైంది. పోలీసు తూటా హాల్డెన్ మోచేతిలో దిగింది. మందు పెట్టె ఓడెక్కలేదు.

దారిన్ అతని కట్లు విప్పింది. "మీ అక్కకి దండం పెట్టుకోవాలయ్యా. తీసుకెళ్తావా?"

"వద్దు డాక్టరమ్మా. ఒకణ్ణి బతికించినందుకే ఆరేళ్లుగా దెప్పుతోంది. తాను ఇంకొకర్ని కూడా బతికించానని తెలిస్తే ఇక నన్ను బతకనివ్వదు."